సమానమైతే ఎవరు గెలిచినట్టు? ఫుట్‌బాల్ పెద్దలకు ఒక పిల్లల కోచ్ బహిరంగ లేఖ

ఆట నియమాలు రాసే అంతర్జాతీయ ఫుట్‌బాల్ బోర్డుకు, ఫిఫాకు, ఖండాల సమాఖ్యలకు, దేశదేశాల లీగ్ నిర్వాహకులకు,

నమస్కారం.

నేను పిల్లల ఫుట్‌బాల్ జట్టుకు కోచ్‌ని. పేరున్న ఆటగాణ్ణి కాదు, మీ సమావేశాల్లో కుర్చీ వేసి కూర్చోబెట్టేంత మనిషినీ కాదు. ఇంత పెద్ద ఆటను ఇన్నేళ్లుగా నడిపిస్తున్నందుకు కృతజ్ఞతలు. ఇక విషయానికి వస్తాను.

పోయిన సీజన్‌లో మా జట్టూ ఇంకో జట్టూ సమాన పాయింట్లతో లీగ్ ముగించాయి. సీజన్ మొదట్లో మాకిచ్చిన కాగితంలో ‘పాయింట్లు సమానమైతే గోల్ తేడా చూస్తారు’ అని ఉంది. ఆ లెక్కన మేం మూడు గోల్స్ ముందున్నాం. చివరి మ్యాచ్ అయిన అరగంటకు నిర్వాహకులు అందరినీ మైదానంలోకి పిలిచి, ‘ఈ రెండు జట్లూ ఆడుకున్న మ్యాచ్‌ల్లో ఎవరిది పైచేయో చూస్తాం, పెద్ద టోర్నీల్లో అలాగే చేస్తున్నారు’ అన్నారు. కప్పు అవతలి జట్టుకు వెళ్లింది. మా గోల్‌కీపర్‌కు పదమూడేళ్లు. ఇంకా గ్లోవ్స్ కూడా విప్పలేదు. నా దగ్గరికొచ్చి, ‘సార్, అయితే మనం ఏ మ్యాచ్‌లో ఓడిపోయినట్టు?’ అని అడిగాడు.

నాకు ఏం చెప్పాలో తోచలేదు. కమిటీకి ఉత్తరం రాస్తే ఉలుకూ పలుకూ లేదు. రెండోసారి రాస్తే ‘నిర్ణయం తుది’ అని ఒక్క ముక్క వచ్చింది. ఆ కమిటీ పేరు ఇక్కడ అనవసరం. పెద్ద టోర్నీల్లో చూసిందే మేమూ చేశాం అన్నారు కదా, అందులో అబద్ధం లేదు. అందుకే పెద్ద టోర్నీలు నడిపేవాళ్లకే రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఏ రూల్ పెట్టినా, సమానంగా నిలిచిన ఇద్దరిలో ఒకరు ఏడవక తప్పదు. నా ఫిర్యాదు ఆ ఏడుపు గురించి కాదు. విజేతను తేల్చే రూల్ మొదటి మ్యాచ్‌కు ముందే అందరికీ తెలిసి ఉండాలి. చివరి మ్యాచ్ దాకా మారకూడదు. వీలైనంతవరకు బంతితోనే తేలాలి. ఇవి తప్పినప్పుడు ఏం జరుగుతుందో మీ ఆట చరిత్రలోంచే చూపిస్తాను.

1. ఒకే స్కోర్లు, వేర్వేరు చాంపియన్లు

స్కాట్లాండ్‌లో హార్ట్స్ అనే క్లబ్ ఉంది. 1964-65 సీజన్ చివరి రోజు సొంత మైదానంలో కిల్మార్నాక్‌తో ఆడింది. 0-1తో ఓడినా టైటిల్ హార్ట్స్‌దే అయ్యేది. కానీ 0-2తో ఓడింది. రెండు జట్లకూ చెరి 50 పాయింట్లు. అప్పట్లో గోల్ సగటు చూసేవారు, అంటే వేసిన గోల్స్‌ని ఇచ్చుకున్న గోల్స్‌తో భాగించేవారు. హార్ట్స్ 90 వేసి 49 ఇచ్చుకుంది, భాగిస్తే 1.837. కిల్మార్నాక్ 62 వేసి 33 ఇచ్చుకుంది, భాగిస్తే 1.879. 0.042 తేడాతో టైటిల్ చేజారింది. ఇప్పటిలా తీసివేసి చూస్తే హార్ట్స్‌కు 41, కిల్మార్నాక్‌కు 29. అసలు పోటీయే లేదు.

సరే, అప్పటి రూల్ అది. తర్వాత రూల్ మారి గోల్ తేడా వచ్చింది. 1985-86లో మళ్లీ అదే హార్ట్స్, మళ్లీ చివరి రోజు. డండీలో డ్రా చేసుకుంటే చాలు. చివరి పది నిమిషాల్లో హార్ట్స్ వలలో రెండు గోల్స్ పడ్డాయి. అటు సెల్టిక్ తన మ్యాచ్‌ని 5-0తో గెలిచింది. మళ్లీ చెరి 50 పాయింట్లే. సెల్టిక్ 67 వేసి 38 ఇచ్చుకుంది, హార్ట్స్ 59 వేసి 33 ఇచ్చుకుంది. తీసివేస్తే సెల్టిక్‌కు 29, హార్ట్స్‌కు 26. భాగిస్తే? సెల్టిక్‌కు 1.763, హార్ట్స్‌కు 1.788. భాగహారం ఉన్న రోజుల్లో వాళ్లకు తీసివేత కావాల్సి వచ్చింది, తీసివేత వచ్చాక భాగహారం కావాల్సి వచ్చింది. కాగితం మీద ఈ లెక్క వేసి చూసినప్పుడు నాకు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు.

అయినా హార్ట్స్‌కు జరిగింది దురదృష్టమే కానీ అన్యాయం కాదు. రెండుసార్లూ రూల్ ముందే రాసి ఉంది. నేను చెప్పదలచుకున్నది వేరే. ఒకే స్కోర్లతో, కేవలం లెక్కగట్టే పద్ధతి మారితే చాంపియనే మారిపోతాడు. 2006-07లో స్పెయిన్ లీగ్‌లో రియల్ మాడ్రిడ్, బార్సిలోనా చెరి 76 పాయింట్లతో ముగించాయి. గోల్ తేడాలో బార్సిలోనా ఎంతో ముందుంది, 45కి 26. కానీ అక్కడి రూల్ ముఖాముఖి. రియల్ సొంత మైదానంలో 2-0తో గెలిచి, అవతల 3-3తో డ్రా చేసుకుంది కాబట్టి టైటిల్ రియల్‌ది. ఇంగ్లండ్‌లో 2011-12లో మాంచెస్టర్ జట్లు రెండూ 89 పాయింట్ల దగ్గర ఆగితే గోల్ తేడా చూసి సిటీకి ఇచ్చారు. రెండు పద్ధతులూ మంచివే. రెంటిలో ఏదో ఒకటి ఎంచుకోవడమంటే ఒక్కోసారి చాంపియన్‌ని ఎంచుకోవడమే. అందుకే ఆ పని స్కోర్లు చూశాక చేయకూడదు. మా పిల్లల విషయంలో స్కోర్లు చూశాకే చేశారు.

2. రాసినవాళ్లు ఆడి చూడని రూల్

1994 జనవరిలో కరీబియన్ కప్ అర్హత పోటీల్లో బార్బడోస్, గ్రెనడా తలపడ్డాయి. గ్రూపు మ్యాచ్ అయినా డ్రా ఉండకూడదని, సమానమైతే అదనపు సమయం ఆడించి, అందులో పడే గోల్డెన్ గోల్‌ని, అంటే పడగానే మ్యాచ్‌ని ముగించే మొదటి గోల్‌ని, రెండు గోల్స్‌గా లెక్కించాలని నిర్వాహకులు రాసుకున్నారు. ఎందుకలా రాశారో వాళ్లకే తెలియాలి. బార్బడోస్‌కు రెండు గోల్స్ తేడాతో గెలుపు కావాలి. 2-0తో ముందుంది. 83వ నిమిషంలో గ్రెనడా ఒకటి కొట్టి 2-1 చేసింది.

మిగిలిన టైమ్‌లో ఇంకో గోల్ కొట్టడం కష్టమని బార్బడోస్‌కు అర్థమైంది. అదే 2-2 అయితే అదనపు సమయం వస్తుంది, అక్కడ ఒక్క గోల్ కొడితే రెండు కొట్టినట్టే. 87వ నిమిషంలో తమ గోల్ ముందే బంతిని అటూ ఇటూ తోసుకుని, తమ వలలోనే కొట్టేసుకున్నారు. గ్రెనడాకు విషయం వెలిగింది. 3-2తో గెలిచినా, 2-3తో ఓడినా వాళ్లు ముందుకు వెళ్తారు. అంటే ఏ గోల్‌లో కొట్టినా ఒకటే. చివరి నిమిషాల్లో గ్రెనడా రెండు వైపులా గోల్‌కి ప్రయత్నిస్తుంటే, బార్బడోస్ ఆటగాళ్లు సగం మంది తమ గోల్ దగ్గర, సగం మంది అవతలి జట్టు గోల్ దగ్గర కాపలా నిలబడ్డారు! అదనపు సమయంలో బార్బడోస్ గోల్ కొట్టింది, స్కోరు 4-2 అని రాసుకున్నారు.

అందరూ ఆ వీడియో చూసి నవ్వుతారు. టికెట్ కొని స్టేడియంకి వచ్చి, తన జట్టు ఏ వైపు ఆడుతోందో కూడా తెలియకుండా కూర్చున్న ప్రేక్షకుడి సంగతి ఆలోచించండి. ఆటగాళ్ల తప్పు ఇసుమంత కూడా లేదు. వాళ్లు రూల్‌ని రాసినవాళ్ల కంటే శ్రద్ధగా చదివారు.

3. పక్కవాళ్ల మ్యాచ్ చూస్తూ కూర్చోవడం

1982 వరల్డ్ కప్‌లో పశ్చిమ జర్మనీని 2-1తో ఓడించిన అల్జీరియా, తన చివరి మ్యాచ్‌ని జూన్ 24న గెలిచి ముగించింది. మర్నాడు హిహోన్‌లో పశ్చిమ జర్మనీ, ఆస్ట్రియా ఆడాయి. జర్మనీ ఒకటి రెండు గోల్స్ తేడాతో గెలిస్తే ఇద్దరూ ముందుకెళ్తారని ఇద్దరికీ ముందే తెలుసు. పదో నిమిషంలో జర్మనీ గోల్ కొట్టింది. మిగతా ఎనభై నిమిషాలు బంతిని వెనక్కీ పక్కకీ తోసుకుంటూ కాలక్షేపం చేశారు. అల్జీరియా ఫిర్యాదు చేసినా ఫలితం మారలేదు. 1986 వరల్డ్ కప్ నుంచి ఒక గ్రూపులోని చివరి మ్యాచ్‌లు రెండూ ఒకేసారి పెడుతున్నారు. మంచి పని చేశారు.

కానీ మూసిన ఆ తలుపును మళ్లీ మీరే తీశారు. మూడో స్థానంలో నిలిచిన కొన్ని జట్లను కూడా పైకి పంపే ఫార్మాట్‌లో, ఒక జట్టు భవిష్యత్తు తన గ్రూపులో తేలదు, ఇంకో గ్రూపులో, ఇంకో రోజు తేలుతుంది. 2016 యూరోలో, అంటే ఐరోపా దేశాల కప్‌లో, అల్బేనియా జూన్ 19న రొమేనియాను ఓడించి, 22 వరకు టీవీ ముందు కూర్చుని, ఇంటిముఖం పట్టింది. అదే టోర్నీలో మూడు మ్యాచ్‌లూ డ్రా చేసుకుని మూడో స్థానంతో గట్టెక్కిన పోర్చుగల్ కప్పే కొట్టింది. ఇప్పుడు 48 జట్ల వరల్డ్ కప్‌లో 12 గ్రూపులు, 12 మంది మూడో స్థానం వాళ్లలో 8 మంది ముందుకు. 72 మ్యాచ్‌లు ఆడించి ఇంటికి పంపేది 16 జట్లని. చివరి రోజుల్లో ఆడే గ్రూపులకు ఎన్ని పాయింట్లు, ఎంత గోల్ తేడా చాలో ముందే తెలుస్తుంది. మొదట ఆడినవాళ్లకు తెలియదు. ఒకే పరీక్షలో కొందరికి మాత్రం ప్రశ్నపత్రం ముందే ఇచ్చినట్టు.

4. కార్డులు, చీటీలు

2018 వరల్డ్ కప్‌లో జపాన్, సెనెగల్ పాయింట్లు సమానం, గోల్ తేడా సమానం, వేసిన గోల్స్ సమానం, వాళ్లిద్దరి మ్యాచ్ 2-2. జపాన్‌కు నాలుగు ఎల్లో కార్డులు, సెనెగల్‌కు ఆరు. సెనెగల్ ఇంటికి వెళ్లింది. ఆ రోజు పోలండ్ చేతిలో 0-1తో ఓడిపోతూ కూడా జపాన్ చివరి నిమిషాల్లో దాడి మానేసి తమలో తామే పాస్‌లు ఇచ్చుకుంది. అవతల సెనెగల్ కూడా 0-1తో ఓడిపోతోంది, అది అలాగే ఉండాలని చూస్తూ. స్టేడియం అంతా ఈలలు, గోల. ఓడిపోతున్న జట్టు స్కోరును కాపాడుకునే పరిస్థితి తెచ్చింది మీ రూల్.

చీటీ కథ ఇంకా విచిత్రం. 2015 ఆఫ్రికా కప్‌లో గినియా, మాలి చెరి మూడు మ్యాచ్‌లు ఆడాయి, అన్నింటి స్కోరూ 1-1. మర్నాడు గదిలో చీటీ తీస్తే గినియా క్వార్టర్స్‌కు వెళ్లింది. మాలి ఆటగాళ్లు తాము చేసిన తప్పేమిటని ఎవరిని అడగాలి? మా గోల్‌కీపర్ ప్రశ్న వాళ్లకూ వర్తిస్తుంది.

5. షూటౌట్

పెనాల్టీ షూటౌట్ తీసేయమని నేను అడగడం లేదు. దానికి ముందు ఏముండేదో మరిచిపోకూడదు. 1965లో లివర్‌పూల్, కొలోన్ మూడు మ్యాచ్‌లు ఆడినా తేలలేదు. రాటర్‌డామ్‌లో రిఫరీ ఒక రంగుల బిళ్ల ఎగరేస్తే అది బురదలో నిటారుగా దిగబడింది, మళ్లీ ఎగరేయాల్సి వచ్చింది. 1968 యూరో సెమీస్‌లో ఇటలీ, సోవియట్ యూనియన్ మ్యాచ్‌ని నేపుల్స్‌లో నాణెం తేల్చింది. 1970లో బోర్డు షూటౌట్‌కు ఒప్పుకుంది కాబట్టి ఆ పీడ విరగడైంది. బొమ్మాబొరుసు కంటే పన్నెండు గజాల నుంచి తన్నడం వెయ్యి రెట్లు నయం.

కానీ అక్కడా సరిచేయాల్సినవి ఉన్నాయి. ప్రతి రౌండ్‌లోనూ ఒకే జట్టు ముందు తన్నుతుంది, రెండో జట్టు ఎప్పుడూ తరుముతూనే ఉంటుంది. ఆ టెన్షన్ ఇద్దరికీ పంచాలని 2017లో వరుస మార్చి (మొదట ఒక జట్టు ఒకసారి, తర్వాత రెండో జట్టు రెండుసార్లు, మళ్లీ మొదటిది రెండుసార్లు) ప్రయోగం మొదలుపెట్టారు, 2018 నవంబర్‌లో గందరగోళంగా ఉందని ఆపేశారు. టెన్నిస్ టైబ్రేక్‌లో సర్వీస్ అలాగే మారుతుంది, ఎవరూ గందరగోళపడరు.

ఇంకొకటి నన్ను బాధపెడుతుంది. 1994 వరల్డ్ కప్ ఫైనల్ షూటౌట్‌లో ఇటలీ తరఫున బరేసీ మిస్ చేశాడు, మసారో మిస్ చేశాడు, ఆఖర్లో బాజియో మిస్ చేశాడు. లోకానికి గుర్తున్నది బాజియో ఒక్కడే. 2021లో యూరో ఫైనల్ తర్వాత ఇంగ్లండ్ తరఫున మిస్ చేసిన ముగ్గురు నల్లజాతి కుర్రాళ్లను జాతి పేరు పెట్టి తిట్టారు. వాళ్లలో ఒకడికి పందొమ్మిదేళ్లు. నా దగ్గరి పిల్లల్లో పెనాల్టీ తన్నడానికి ముందుకొచ్చేవాళ్లు ఏటా తగ్గుతున్నారు. ‘మిస్ అయితే అందరూ నన్నే అంటారు సార్’ అంటారు.

6. సీజన్ మధ్యలో ఆగిపోతే

2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఫ్రాన్స్ లీగ్‌ని ఆపేసి, ఆడిన మ్యాచ్‌కు ఎన్ని పాయింట్లో లెక్కగట్టి పారిస్‌ను చాంపియన్ అన్నారు, రెండు క్లబ్బులను కింది డివిజన్‌కు దించారు, వ్యవహారం కోర్టుకెక్కింది. నెదర్లాండ్స్‌లో అయాక్స్, ఆల్క్‌మార్ చెరి 56 పాయింట్ల మీద ఉండగా ఆపి, ఆ ఏడాది చాంపియన్ లేరన్నారు. రెండో డివిజన్‌లో ముందున్న కంబూర్‌కు ప్రమోషన్ దక్కలేదు. క్లబ్ కిందికి పడితే నష్టం కోచ్‌కూ కెప్టెన్‌కే కాదు, టికెట్ కౌంటర్‌లో కూర్చునేవాళ్లకూ, గడ్డి కోసేవాళ్లకూ ఉద్యోగం పోతుంది. అప్పుడు ఎవరూ ఊహించలేదు, క్షమించవచ్చు. ఇప్పుడు ఊహించగలం కదా.

ఇవన్నీ రాశాక మీలో మీరు ఒకరి మీద ఒకరు తోసుకుంటారని తెలుసు. మ్యాచ్‌ను ఎలా తేల్చాలో పదో నియమంలో ఉంది, అది బోర్డు పని. పట్టిక ఎలా తేల్చాలో టోర్నీ నిర్వాహకుల పని. కాబట్టి ఇద్దరికీ కలిపే అడుగుతున్నాను:

1. సమానమైతే ఏం చూస్తారో, ఏ వరుసలో చూస్తారో, సీజన్ ఆగిపోతే ఏం చేస్తారో ఒక్క పేజీలో, పదమూడేళ్ల పిల్లాడికి అర్థమయ్యే మాటల్లో రాయండి. మొదటి మ్యాచ్‌కు ముందు కెప్టెన్లందరి చేత సంతకం పెట్టించండి. సీజన్ మధ్యలో మార్చినది చెల్లదని పదో నియమంలోనో, మీ నిబంధనల్లోనో చేర్చండి. పిల్లల లీగ్‌లకు కూడా ఇది వర్తించాలి.

2. కార్డులు, చీటీలు, ర్యాంకులు ఆఖరి గత్యంతరంగా కూడా వద్దు. సమానంగా ఉన్న రెండు జట్లూ చివరి మ్యాచ్‌లో ఎదురెదురుగా ఉంటే అక్కడే షూటౌట్ పెట్టండి, యూరో నిబంధనల్లో ఈ ఏర్పాటు ఇప్పటికే ఉంది. లీగ్ టైటిల్ దగ్గర సమానమైతే ఒక్క మ్యాచ్ ఆడించండి. ఇటలీలో 1964లో బోలోగ్నా, ఇంటర్‌ను 2-0తో ఓడించి అలాగే చాంపియన్ అయింది, 2022-23 నుంచి అక్కడ ఆ పద్ధతిని తిరిగి తెచ్చారు.

3. మూడో స్థానం వాళ్లను పోల్చి పైకి పంపే ఫార్మాట్ మానండి. 12 గ్రూపుల చివరి మ్యాచ్‌లు 24 ఒకేసారి పెట్టలేమంటారు. నిజమే, పెట్టలేరు. అందుకే ఆ ఫార్మాట్ వద్దంటున్నాను.

4. కొత్త రూల్ రాసినప్పుడల్లా, దాన్ని ఎలా మోసం చేయవచ్చో కనిపెట్టమని పదిమంది ఆటగాళ్లకు ఇవ్వండి. ఒక మధ్యాహ్నం చాలు. బార్బడోస్ ఆటగాళ్లకు నాలుగు నిమిషాలే పట్టింది.

5. షూటౌట్‌లో వరుస మార్చే ప్రయోగాన్ని మళ్లీ మొదలుపెట్టండి. ఈసారి పిల్లల టోర్నీల నుంచి మొదలుపెట్టండి, మా వాళ్లు ఒక్క రోజులో నేర్చుకుంటారు.

6. ఏ స్థాయి నిర్వాహకులైనా, ఫలితం మీద రాతపూర్వకంగా వచ్చిన ఫిర్యాదుకు ముప్ఫై రోజుల్లో కారణాలతో జవాబు ఇవ్వాలి. ‘నిర్ణయం తుది’ అన్నది జవాబు కాదు.

మిమ్మల్ని మారని మనుషులని నేను అనుకోవడం లేదు. 2003లో చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్‌లో ఏసీ మిలాన్, ఇంటర్ రెండు మ్యాచ్‌లూ ఒకే స్టేడియంలో ఆడి, 0-0, 1-1 అయితే, అవతలివాళ్ల మైదానంలో కొట్టిన గోల్‌కి ఎక్కువ విలువిచ్చే ‘బయట కొట్టిన గోల్’ లెక్కన మిలాన్‌ను ఫైనల్‌కు పంపారు. ఏ ‘బయట’? ఇద్దరిదీ అదే ఇల్లు. ఆ రూల్‌ని ఐరోపా సమాఖ్య 2021లో తీసేసింది. ఆలస్యమైంది, కానీ తీసేసింది.

మా కొత్త సీజన్ త్వరలో మొదలవుతుంది. లీగ్ కాగితం ఇంకా రాలేదు. ఈలోగా మా పిల్లలే ఒక పేజీ రాసి, అవతలి జట్టు పిల్లలకు చూపించారు. కిందటిసారి కప్పు తీసుకెళ్లిన ఆ పిల్లలే ముందు సంతకం పెట్టారు. అందులో మొదటి వాక్యం మా గోల్‌కీపర్‌ది: ‘సమానమైతే ఇంకో మ్యాచ్ ఆడదాం.’ ఆ పేజీ కాపీ ఈ లేఖకు జతచేశాను. మీ జవాబు కోసం ఎదురుచూస్తాను.

ఇట్లు,
ఒక పిల్లల జట్టు కోచ్